పసుపు క్యాసెట్టు

నెల్లిమర్ల రైలు గేటు అవతల
తవిటయ్య సైకిల్ షాపు, దాని వెనక గది.
గ్రీజు వాసన, రెండు టీవీలు, ఒక బల్ల.
అరగంటకి రెండు రూపాయలు.
గడియారం తవిటయ్య చేతికే ఉండేది,
ఆయన అరగంట ఎప్పుడూ ఇరవై అయిదు నిమిషాలే.

పసుపు క్యాసెట్టు మీద రాసుండేది:
తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలు.
లోపల ఉన్నవి ఏడు.
ఎనిమిదో నంబరు నొక్కితే మళ్ళీ మొదటిదే
ఆకాశం రంగు మార్చుకుని, పేరు మార్చుకుని
బాకీ ఎగ్గొట్టి ఊరు మారినవాడిలా వచ్చేది.

అయినా గౌరునాయుడు నమ్మాడు,
ఏడు వేల చిల్లరలో ఎక్కడో
ఎవ్వడూ చూడని ఆటొకటి ఉందని,
సాలూరులో వాళ్ళ పిన్ని కొడుకు చూశాడని.
వేసవంతా డబ్బులు పోగేసి
ఒక్కో నంబరూ కిందికి జరుపుకుంటూ వెళ్ళాం.
రెండు వేల నాలుగు వందల పదకొండు దగ్గర
కరెంటు పోయింది.
మళ్ళీ ఒకటి.
అప్పట్లో పెట్టెకి జ్ఞాపకం లేదు,
ఎంతదాకా వచ్చామో మన వేళ్ళకే తెలియాలి.

ట్యాంకుల ఆట మొదలు నుంచి చివరిదాకా
నలభై నిమిషాలు.
నేను దాన్ని నాలుగేళ్ళు ఆడాను.
ఏ ఇటుక పగిలితే ఏం బయటపడుతుందో,
మూడో మెట్టులో శత్రువు ఎటు తిరుగుతాడో
మా నాన్న షిఫ్టుల కంటే బాగా తెలుసు నాకు.
జూట్ మిల్లులో నాన్నదీ అదే పని:
అదే మగ్గం, అదే గోనె, కూత, మళ్ళీ మగ్గం.
ఎన్నిసార్లయినా విసుగు రాదని
ఆయన ఎవరికీ చెప్పలేదు.
జీతం అన్నాడు, అంతే.

ఇప్పుడు నేనూ అందరిలాగే అంటాను,
ఆ రోజుల ఆటలే ఆటలని.
అబద్ధం కాదు గానీ
సగం మాటే చెబుతున్నాను.
రెండో క్యాసెట్టు లేదు.
ఆట పొట్టిది కాబట్టే చంపడం నేర్చుకుంది,
మూడు ప్రాణాలిచ్చి గబగబా లాక్కుని
తవిటయ్య డబ్బా నింపింది.
లేమిని కూడా
తర్వాత తీరిగ్గా ప్రేమని పిలుచుకోవచ్చు.

మా అక్క కొడుకు తనుష్ ఆట
నూట ముప్పై గంటలు.
డౌన్‌లోడ్ అవడానికే ఒక రాత్రీ, సగం పగలూ,
అక్క ఫోన్లో నెట్టంతా.
అందులో కొండలు, వాగులు,
చంపావతిలో నేను వేసవిలో ఎప్పుడూ చూడనన్ని నీళ్ళు.
మూలన ఒక అంకె: ముప్పై ఒక్క శాతం పూర్తి.
మూడు నెలలుగా అది కదల్లేదు.
ఇలా నడిమధ్యలో వదిలేసినవి
వాడి దగ్గర పద్నాలుగున్నాయి.

"ఒక్కటైనా ముగించరా" అన్నాను,
నేను ముగించినవన్నీ
ఇంట్లో పటాలు కట్టించి పెట్టుకున్నట్టు.
వాడు తల తిప్పలేదు.

మొన్న ఆదివారం చూస్తే
అదే ఆట మొదటి నుంచి ఆడుతున్నాడు.
అదే మంచు, అదే గుడిసె, అదే ఎర్ర గుర్రం.
"ఏటిరా, ఆడిందంతా పోనాదా?"
"ఉంది మావా."
"మరేటి?"
"నలభయ్యో గంటలో గుర్రం సచ్చిపోతాది.
ఇక్కడైతే బతికే ఉంటాది కదా."

నాకివ్వమన్నాను.
బొత్తాలు పదహారు, పుల్లలు రెండు.
నా బొటనవేళ్ళకి తెలిసినవి మొత్తం ఆరు.
తీసుకెళ్ళి కంచెకి గుద్దించాను.
"మెల్లగా మావా. అటు కథలోకి ఎల్లకు,
ఇటు తిప్పు."

ఇటు తిప్పాను.
కంచె చుట్టూ ఒకసారి, ఇంకోసారి,
డెక్కల గుర్తుల మీద మంచు పడుతోంది, మళ్ళీ డెక్కలు.
అన్నం చల్లారిపోతోందని అక్క కేకేసింది.

అయిదు నిమిషాలు, అన్నాను.
తవిటయ్య నాకు బాకీ పడ్డవి.